భయం చాయ్

మా అపార్ట్‌మెంట్లో గడ్డి కోసే మిషన్ మొదలైందంటే నా చేయి నాకు తెలియకుండానే నా నడుం మీదికి పోతుంది. చీర కుచ్చిళ్ళు దోపుకునే చోటు, మోకాళ్ళ వెనక, చెవి వెనక జుట్టు మొదలయ్యే చోటు, అన్నీ తడిమి చూసుకుంటాను. ఎవరైనా చూస్తే నాకేదో గాలి సోకిందనుకుంటారు. కోసిన గడ్డి వాసన పచ్చిగా, కొంచెం తియ్యగా మా అంతస్తు దాకా వస్తుంది. నల్లగండ్లలో ఫ్లాట్లు కొనుక్కున్న వాళ్ళంతా బాల్కనీలోకి వచ్చి కళ్ళు మూసుకొని మరీ పీల్చుకునే వాసన అది. "అబ్బ, ఊళ్ళో ఉన్నట్టుంది" అంటాడు మా ఆయన. నేను మాత్రం లోపలికి పోయి మా పాపను పట్టుకొని దాని లాగు నాడా కింద చూస్తాను. అది గింజుకుంటుంది. "మళ్ళీనా అమ్మా!" అంటుంది. మళ్ళీనే తల్లీ. నువ్వు ముసల్దానివయ్యేదాకా ఇంతే.

ఆ వాసన వెంట భయం వస్తుంది, భయం వెంట హైమవతి గారు వస్తారు. మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. పేపర్లో ఫోటో పడిన మనిషి కాదు, సభల్లో శాలువా కప్పించుకున్న మనిషీ కాదు. గచ్చిబౌలిలో ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన కిరాయికి తీసుకున్న అంతస్తులో చిన్న పరిశోధన సంస్థ నడిపేవారు. ఆవిడ, ఇమ్రాన్, నేను, అంతే సంస్థ. ఆవిడ చదువు భౌతికశాస్త్రం. ఇసుక కుప్ప మీద ఒక్కో రేణువు వేస్తూ పోతే ఏ రేణువుకు కుప్ప జారుతుందో ఏళ్ళ తరబడి లెక్కగట్టారట. అక్కడి నుంచి గడ్డి భూముల మీదికి, గడ్డి నుంచి జనం జ్వరాల మీదికి వచ్చారు. ఇదేం అతుకుల బొంత చదువని తోటివాళ్ళు నవ్వితే, "అన్నీ ఒకటేనండి, కొంచెం కొంచెంగా పోగై ఒక్కసారే మీద పడే సంగతులే" అనేవారు. తెనాలి వైపు మనిషి. ఆటోవాణ్ణీ అండీ అనేవారు, మెట్ల మీద పడుకున్న కుక్కనూ అండీ అనేవారు. కంప్యూటర్ ఆగిపోతే "ఏవండీ, కాస్త కదలండి" అని దాన్ని బతిమాలడం నా చెవులతో విన్నాను.

నేను జనగామ దగ్గర పల్లె నుంచి, లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం కోసం ఆవిడ దగ్గరికి పోయాను. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నేను పుట్టు పిరికిదాన్ని. కుక్కకు భయం, ఉరుముకు భయం, ఫోన్ మోగితే భయం, మోగకుంటే ఇంకా భయం. "దీనికి దీని నీడను చూసినా జడుపే" అని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పి నా పరువు తీసేది. ఆ రోజు కూడా లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కి, కొలిమి తిత్తిలాగా రొప్పుతూ ఆవిడ ముందు కూర్చున్నాను.

"లిఫ్ట్ పనిచేయడం లేదాండీ?" అని అడిగారు.

"చేస్తది మేడమ్. నాకే భయం. తాడు తెగుతదేమోనని."

"తెగే అవకాశం ఎంత ఉంటుందంటారు?"

"శానా తక్కువ మేడమ్." ఇక ఉద్యోగం పోయినట్టేనని తెలిసి కూడా నోరు ఊరుకోలేదు. "తక్కువే గని, సున్నా అయితే కాదు గద."

ఆవిడ పకపకా నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి చీర కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "రేపటి నుంచి రండి. ఇక్కడ మేమిద్దరం ధైర్యవంతులమేనండి, అదే మాకొచ్చిన చిక్కు. చాలా తక్కువకీ సున్నాకీ తేడా తెలిసిన మనిషి మాకొకరు కావాలి" అన్నారు. ఇరవయ్యేళ్ళు పైబడినదాకా ఇంట్లో వెక్కిరింత తెచ్చిపెట్టిన గుణం నాకు ఉద్యోగం తెచ్చిపెడుతుందని కలలో కూడా అనుకోలేదు. దిగేటప్పుడు కూడా మెట్లే దిగాను.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. మేం తేల్చిన సంగతి ఏదైనా గడప దాటే ముందు, అది నివేదిక కానీ పటం కానీ, కింది హోటల్ నుంచి చాయ్ తెప్పించుకొని ముగ్గురం నేల మీద చాప వేసుకొని కూర్చోవాలి. ఒక్కొక్కరం ఆ పని గురించి మనకున్న భయం బయటికి చెప్పాలి. సందేహం కాదు, అభ్యంతరం కాదు, భయం. "నాకు భయంగా ఉంది" అనే మొదలుపెట్టాలి. ఒకరు చెప్తుంటే మిగతావాళ్ళు జవాబు చెప్పకూడదు, సర్దిచెప్పకూడదు, "అట్లేం కాదులే" అనకూడదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ భయాన్ని అట్లాగే మధ్యలో ఉంచుకొని కూర్చోవాలి. ఇమ్రాన్ దానికి భయం చాయ్ అని పేరు పెట్టాడు. ఇమ్రాన్ పశుగ్రాసాల వ్యవసాయం చదివినవాడు, సంగారెడ్డి పిల్లగాడు, నోట్లో ఎప్పుడూ ఒక గడ్డిపోచ నములుతూ ఉండేవాడు. మొదట్లో నాకు ఆ జవాబు చెప్పకూడదన్న నియమం అంతుపట్టలేదు. భయపడేవాళ్ళకు ధైర్యం చెప్పాలి గదా, మనిషన్నాక. ఒకరోజు అడిగేశాను. "ధైర్యం చెప్తే మీరు ఊరుకుంటారండి, భయం మాత్రం ఎక్కడికీ పోదు. మీరు నోరు మూసుకున్నాక అది లోపల్లోపల పెరుగుతుంది" అన్నారు ఆవిడ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అందరూ నాకు ధైర్యమే చెప్పారు. నా భయాన్ని చివరిదాకా విన్న మొదటి మనిషి ఆవిడే.

మా గడ్డి చేను ఇప్పుడు నేనుంటున్న చోటికి దగ్గర్లోనే ఉండేది. అపార్ట్‌మెంట్ టవర్ల వెనక, కట్టడం మొదలయ్యేదాకా వాడుకోండని దాని యజమాని ఇచ్చిన ఖాళీ జాగా. ముళ్ళకంపా సిమెంటు పెళ్ళలూ తీయించి అక్కడ గరిక, అంజన్ గడ్డి పెంచాం. ఇట్లా పడావుపడ్డ జాగాల్లో గడ్డి పెంచితే ఊరి అంచున బర్రెలు పెట్టుకున్నవాళ్ళకు మేత దొరుకుతుందా, దుమ్ము తగ్గుతుందా, చుట్టూ వేడి తగ్గుతుందా అన్నది మా ప్రశ్న. హైమవతి గారికి ఆ గడ్డంటే ప్రాణం. గాలికి అది ఒక పక్కకు వాలితే, "చూడండి స్వరూపా, ఎంత చక్కగా తల వంచుతుందో, పెళ్ళికూతురల్లే" అని మురిసిపోయేవారు. దాని ఎత్తు, నేల తడి, వేడి ఎప్పటికప్పుడు కొలవాలి. కొలవడానికి లోపలికి పోతే గడ్డి నలుగుతుంది. నలిగితే లెక్క చెడుతుంది. అందుకని ఆవిడే చేను నిండా అడ్డంగా నిలువుగా సన్నటి బాటలు కోయించారు. పైనుంచి చూస్తే గళ్ళ లుంగీ ఆరేసినట్టుండేది.

ఆ బాటలు కోసేది బాలమణి. నారాయణపేట వైపు నుంచి వచ్చి, చేనుకు అవతల రేకుల షెడ్లలో ఉండేది. ఆమె భర్త కిష్టయ్య టవర్ల దగ్గర సెక్యూరిటీ గార్డు. బాలమణి నోటికి హద్దు లేదు. మేం స్కేలు పట్టుకొని వంగితే చాలు, కొడవలి నడుముకు ఆనించి నవ్వేది.

"గడ్డికి గూడ పరీక్షలు వెడ్తరా అమ్మా? పాసైందా లేదా మరి?"

"ఇంకా ఫలితాలు రాలేదు బాలమణి గారూ" అనేవారు హైమవతి గారు.

"గారట గారు! ఇగో స్వరూపమ్మా, ఇన్నవా? మా ఆయన గూడ నన్ను ఎన్నడు గారు అనలే. ఇయ్యాల ఇంటికి వోయి చెప్త, నన్ను గారు అంటెనే బువ్వ వెడ్త అని."

కొన్నాళ్ళకు షెడ్ల వాళ్ళంతా ఆ బాటల్లోంచే టవర్లకు పనికి పోవడం మొదలుపెట్టారు. రోడ్డు చుట్టూ తిరిగిపోయే పని తప్పింది. ఆడవాళ్ళు మధ్యాహ్నం ఆ బాటల అంచునే కూర్చొని సద్ది తినేవాళ్ళు, అక్కడే కొంచెంసేపు నడుం వాల్చేవాళ్ళు. "మీ బాటలు శానా మంచిగైనయమ్మా" అని బాలమణి అంటే హైమవతి గారి మొహం చాటంత అయింది. "ఇన్నాళ్ళకి మన సైన్సు ఎవరికో ఒకరికి పనికొచ్చిందండి" అని ఆ రోజంతా ఆఫీసులో అందరికీ, అందరికీ అంటే మా ఇద్దరికే, చెప్పుకున్నారు. ఆ సంతోషాన్ని నేను ఇప్పటికీ తలుచుకోలేను.

వానలు పడ్డాయి. గడ్డి మా భుజాల దాకా పెరిగింది. షెడ్లలో జ్వరాలు మొదలయ్యాయి. వానకాలం జ్వరాలు కొత్త కాదు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చుట్టుపక్కల చిన్న క్లినిక్కుల వాళ్ళు ఏ గల్లీ నుంచి ఎన్ని జ్వరాలు వచ్చాయో మాకు ఫోన్ చేసి చెప్పే ఏర్పాటు ఒకటుండేది. పేర్లు చెప్పరు, జాగా మాత్రమే. వాటిని పటం మీద చుక్కలుగా పెట్టి, జ్వరం ఎటు నడుస్తుందో లెక్కగట్టడం నా పని. డెంగ్యూ చుక్కలు నిలవనీళ్ళ చుట్టూ మూగుతాయి, సెల్లార్లు, డ్రమ్ములు, మోరీలు. ఆ వారం చుక్కలు పెడుతుంటే అవి నీళ్ళ దగ్గరికి పోవడంలేదు. మళ్ళీ పెట్టాను. మా బాటలు షెడ్ల వైపు తెరుచుకునే చోట ఒక గుంపు, టవర్ల వెనక గేటు దగ్గర ఒక గుంపు. ఏమో, అక్కడ జనం ఎక్కువ కాబట్టి చుక్కలెక్కువేమో అని నాకు నేను చెప్పుకున్నాను. రోడ్డవతల కూడా రేకుల షెడ్లున్నాయి, అంతే జనం. అక్కడ ఎవరూ మా బాటల్లోకి రారు. అక్కడ చుక్కలూ లేవు. ఇక చుక్కలు పెట్టడం ఆపేశాను.

ఎందుకంటే నేను చేరిన కొత్తలోనే హైమవతి గారు గడ్డి జ్వరం గురించి చెప్పారు. డాక్టర్లు దాన్ని స్క్రబ్ టైఫస్ అంటారు. గడ్డిలో, పొదల్లో కంటికి ఆనని పురుగొకటి ఉంటుంది, ఎలుకల మీద బతుకుతుంది. దట్టమైన గడ్డి నడుమ కంటే, కోసిన గడ్డికీ కోయని గడ్డికీ మధ్య అంచుల్లో దానికి బాగా సాగుతుంది. మనిషిని నొప్పి తెలియకుండా మెత్తటి చోట, బట్ట బిగుసుకునే చోట కుడుతుంది. కుట్టిన చోట చిన్న నల్లటి పక్కు కడుతుంది. మామూలు జ్వరం మందులకు లొంగదు. దానికి మందు ఉంది, పాతదే, ప్రతి దవాఖానలో ఉండేదే. సమయానికి పడితే మనిషి లేచి కూర్చుంటాడు, ఆలస్యమైతే ఊపిరితిత్తులకూ మెదడుకూ ఎక్కుతుంది. అదంతా విని ఇమ్రాన్ "ఊళ్ళల్ల వస్తది, సిటీల ఎందుకొస్తది" అన్నాడు. ఆవిడా తలూపారు. నేను మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. భయపెట్టే సంగతులు నాకు బాగా గుర్తుంటాయి, అదొక శాపం.

బాలమణి వారం నుంచి పనికి రావడంలేదని అప్పుడు గుర్తొచ్చింది. కిష్టయ్యకు ఫోన్ చేశాను. "సర్కారు దవాఖానల వెట్టిన. డెంగ్యూ లెక్కుందంటున్నరు. జరం దిగుతలేదమ్మా, నన్ను గుర్తు వడ్తలేదు" అన్నాడు. అతని వెనక ఎవరో దగ్గుతున్నారు.

నివేదిక పంపే రోజు కాదు అది, అయినా నేను పోయి చాప వేశాను. ఇమ్రాన్ వింతగా చూసి చాయ్ తెచ్చాడు. హైమవతి గారు బూట్లు విప్పి కూర్చున్నారు. ఆవిడ ప్రాణం పెట్టి పెంచుకున్న గడ్డి. ఆవిడే గీసి కోయించిన బాటలు. నేను తప్పయితే ఆవిడ గుండె ఉత్తపుణ్యానికి పగలగొట్టినదాన్నవుతాను. నేను ఒప్పయితే ఇంకా ఘోరం.

"నాకు భయంగా ఉంది" అన్నాను. "ఈ జ్వరం డెంగ్యూ కాదేమోనని. మన బాటలల్లకెళ్ళి వస్తుందేమోనని. మనం కొలుస్తందుకు కోసిన అంచులే పురుగుకు ఇల్లయినయేమోనని. బాలమణికి అదే కుట్టిందేమోనని. ఆమె సచ్చిపోతదేమోనని."

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకూడదు గదా. ఇమ్రాన్ నోట్లో గడ్డిపోచ తీసి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. హైమవతి గారి గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది. ఎవరైనా ఒక్కరు "అట్లేం కాదులే స్వరూపా" అంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. తన వంతు వచ్చినప్పుడు ఆవిడ తలెత్తారు. మొహం నెత్తురు లేనట్టుంది.

"నాదీ అదేనండి" అన్నారు. చాయ్ పూర్తికాకుండా చాప మీది నుంచి లేవడం ఆ ఆఫీసులో అదొక్కసారే చూశాను.

దవాఖానకు ఆటోలో దారి పొడుగునా ఆవిడ నా చేయి పట్టుకొనే ఉన్నారు. ఆఫీసు బస్సుల మధ్య ఆటో అంగుళం అంగుళం జరుగుతుంది. "మా తమ్ముడు పదో తరగతిలో జ్వరంతో పోయాడండి" అన్నారు ఉన్నట్టుండి. "ఏ జ్వరమో ఇప్పటికీ తెలియదు. మా అమ్మ ఒళ్ళంతా తడిగుడ్డతో తుడిచింది. ఒళ్ళు చూసింది గానీ, ఏం వెతకాలో ఆవిడకి తెలియదు కదా." ఇసుక నుంచి గడ్డికీ గడ్డి నుంచి జ్వరానికీ ఆవిడ ఎందుకొచ్చారో నాకు అప్పుడర్థమైంది.

వార్డులో మంచానికిద్దరు. బాలమణి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, మమ్మల్ని చూడలేదు. ఊపిరి ఎగబీలుస్తుంది. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఎండి పగిలింది. డ్యూటీ డాక్టర్ చిన్నవాడు, నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ సీజన్లో వచ్చిన ప్రతి జ్వరమూ డెంగ్యూలాగే కనిపించిందంటే అతని తప్పేం లేదు.

"మీరు డాక్టరా?" అని అడిగాడు.

"కాదండి. ఫిజిక్స్" అన్నారు హైమవతి గారు.

"ఫిజిక్సా?"

"అవునండి. ఈ అమ్మాయి లెక్కలు. మీకు నవ్వు రావచ్చు. ఈవిడ మా చేలో పనిచేస్తారు. ఈ జ్వరం మా గడ్డిలోంచి వచ్చిందేమోనని మాకు భయంగా ఉందండి. ఒక్కసారి ఒళ్ళంతా నల్ల పక్కు కోసం వెతికించండి. లేకపోతే తిట్టి పంపేయండి, వెళ్ళిపోతాం."

అతను తిట్టలేదు. ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి సిస్టర్‌ను పిలిచాడు. తెర అడ్డం పెట్టారు. నేను తెరకు ఇవతల గోడ పట్టుకొని నిలబడ్డాను. దొరకాలని మొక్కుకోవాలో దొరకవద్దని మొక్కుకోవాలో తెలియని స్థితి పగవాళ్ళకు కూడా వద్దు. దొరికితే బాలమణికి మందు ఉంది, కానీ జబ్బు మేం ఇచ్చినట్టు. దొరకకుంటే మేం మంచివాళ్ళం, ఆమెకు దారి లేదు. సిస్టర్ తెర తీసి డాక్టర్‌ను లోపలికి రమ్మంది. నడుం పక్కన, లంగా నాడా ఒరుసుకునే చోట ఉంది. సిగరెట్టుతో చురక పెట్టినట్టు, అంత చిన్నది, నల్లగా. నాడా కోసుకుపోయిందనుకొని బాలమణి దానికి పసుపు కూడా రాసుకుందట. డాక్టర్ వెంటనే మందు మార్చాడు. "ఆలస్యమైంది. ఇప్పుడే ఏం చెప్పలేం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్ల దగ్గరికి పోదాం పదండన్నారు హైమవతి గారు. "ఇంకా రుజువు కాలేదు గద మేడమ్. కొడ్తరు మనల్ని" అన్నాను. "రుజువు నివేదికకి కావాలండి. భయం చెప్పడానికి ఎందుకు?" అన్నారు. షెడ్ల ముందు నిలబడి, ఉన్నదంతా చెప్పారు. మా చేను, మా బాటలు, పురుగు, పక్కు, ఎక్కడెక్కడ చూసుకోవాలో. ఏదీ మింగలేదు. కిష్టయ్య రాత్రంతా దవాఖానలో ఉండి అప్పుడే వచ్చినట్టున్నాడు, యూనిఫాం మీదే ఉన్నాడు. చేతిలో గార్డు లాఠీ.

"అంటె మా ఆమెకు రోగం వెట్టింది మీరా?"

"అయ్యుండొచ్చండి."

"అయ్యుండొచ్చు ఏంది? అవునా కాదా? సాఫ్ చెప్పు!"

"తెలియదండి. తెలిసేదాకా ఆగితే ఈలోపల ఇంకెవరైనా పడిపోతారు. అందుకని తెలియకుండానే వచ్చాను."

లాఠీ లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి ఆవిడ అక్కడే ఉన్నారు, ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు, చీర అంచు మాత్రం గజగజ వణుకుతుంది. ఆవిడకూ భయమేనని, అదీ నాకున్నంత భయమేనని అప్పుడు కనిపెట్టాను. కిష్టయ్య లాఠీ కింద పడేసి, అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "బతుకుతదా?" అన్నాడు. "అదీ తెలియదండి" అని ఆవిడ అతని పక్కనే మట్టిలో కూర్చున్నారు. ఈలోపల ఆడవాళ్ళు కొంగుల చాటున నడుములు తడుముకోవడం మొదలుపెట్టారు. "ఓయమ్మో, నాకుంది" అన్నదొకామె. ఇంకో షెడ్డులోంచి జ్వరంతో మూలుగుతున్న ముసలవ్వను ఎత్తుకొచ్చారు, ఆమె మోకాలి వెనక ఉంది. ఇమ్రాన్ తన కారులోనే వాళ్ళను దవాఖానకు తోలుకపోయాడు.

అదే రోజు చేను మొత్తం కోయించారు. కోసేవాళ్ళకు పొడుగు బూట్లు, చేతులకు తొడుగులు. మిషన్ వెనకే ఆ గడ్డి వరుసలు వరుసలుగా పడిపోతుంటే ఆవిడ రోడ్డు మీద నిలబడి చివరి వరుసదాకా చూశారు. వాసన టవర్ల పైదాకా పోయింది. బాల్కనీల్లోకి జనం వచ్చారు. ఎవరో పైనుంచి "వావ్, ఏం స్మెల్" అని అరిచారు. హైమవతి గారు కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చారు. గడ్డి కోసమా, బాలమణి కోసమా, తమ్ముడి కోసమా, నేను అడగలేదు.

బాలమణి బతికింది. రెండో రోజుకు జ్వరం దిగడం మొదలైంది. కళ్ళు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టి, పీల గొంతుతో ఆమె అన్న మొదటి మాట, "నీ గడ్డి ఫెయిలైంది గదమ్మా." హైమవతి గారు నవ్వబోయి ఆమె పాదాల దగ్గర తల పెట్టుకున్నారు. తర్వాత జ్వరాలు తగ్గాయి. గడ్డి కోసినందుకు తగ్గాయో, వానలు వెనకబడినందుకు తగ్గాయో, మాకు నిజంగా తెలియదు. "తెలియదు" అనే రాయమన్నారు ఆవిడ, అట్లాగే రాశాను.

ఆ తర్వాత చాలా కాలం ఆవిడ దగ్గర పనిచేశాను. చివర్లో గుండె జబ్బు చేసి, ప్రగతి నగర్‌లో చెరువు కనిపించే చిన్న ఫ్లాట్లో మంచం పట్టారు. చూడడానికి వచ్చిన వాళ్ళంతా "మీకేం కాదండి, లేచి తిరుగుతారు" అని పోతున్నారు. ఒక సాయంత్రం నేను ఫ్లాస్కులో చాయ్ తీసుకొని పోయాను. డాక్టర్ ఆవిడకు చాయ్ వద్దన్నాడు. రెండు గుక్కలకేం కాదని నన్నే దబాయించారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకొని, "చాప లేదు, ఏం పర్లేదు. మీ భయం చెప్పండి స్వరూపా" అన్నారు.

"నాకు భయంగా ఉంది" అన్నాను. "మీరు పోతరని."

ఆవిడకు నియమం తెలుసు, పెట్టిందే ఆవిడ. సర్దిచెప్పకూడదు. ఆ ఒక్క రోజుకు తప్పితే ఏమయ్యేదని ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. కిటికీ బయట చెరువు మీద వెలుగు తగ్గుతుంది. ఆవిడ చాయ్ వైపు చూస్తూ అట్లాగే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. గ్లాసులో చాయ్ అడుగుకు వచ్చాక ఆవిడ వంతు వచ్చింది.

"నాదీ అదేనండి" అన్నారు.

ఇద్దరం నవ్వామో ఏడ్చామో చెప్పలేను. నెల తిరక్కుండానే పోయారు.

ఇదంతా రాస్తుండగా కింద మిషన్ ఆగింది. బాల్కనీలోంచి చూస్తే, లాన్‌కూ ప్రహరీ గోడ పక్క పిచ్చి గడ్డికీ మధ్య అంచున పిల్లలు బొమ్మలు పరుచుకొని కూర్చున్నారు, కాస్త అవతల తల్లులు కబుర్లలో ఉన్నారు. పోయిన ఏడు ఈ సంగతి వాట్సాప్ గ్రూపులో పెడితే నాకు గడ్డి ఆంటీ అని పేరు పెట్టారు. "నీకెందుకే ఆ పరేషాన్, ఏం కాదు ఊకో" అన్నాడు మా ఆయన, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటున్న నన్ను చూసి. కాకపోవచ్చు, అవకాశం చాలా తక్కువ. లిఫ్ట్ ఎక్కాను, తాడు గురించి ఆలోచిస్తూనే కిందికి దిగాను. తల్లులు నన్ను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. పోయి వాళ్ళ ముందు గట్టు మీద కూర్చున్నాను.

"నాకు భయంగా ఉంది" అన్నాను. "నేను చెప్పేదాకా ఎవ్వరు ఏం అనకుండ జర ఇనుండ్రి."